ఇంట్లో ఉన్న ఒక్క ఫోన్‌లో లినక్స్ పెట్టుకోవచ్చా?

ప్రశ్న: అక్కా, మాది పలాస దగ్గర పల్లె. డిగ్రీ రెండో ఏడు, కంప్యూటర్స్ చదువుతున్నాను. కాలేజీ ల్యాబ్‌లో వారానికి రెండు పూటలే సిస్టమ్ దొరుకుతుంది, అదీ ఇద్దరికి ఒకటి. ఇంట్లో ల్యాప్‌టాప్ లేదు. 6 జీబీ ర్యామ్, 128 జీబీ స్టోరేజి ఉన్న ఆండ్రాయిడ్ ఫోన్ ఒక్కటే ఉంది. మా సీనియర్ ఒకరు తన ఫోన్‌లో అచ్చం కంప్యూటర్‌లాగే డెస్క్‌టాప్ తెరిచి చూపించాడు, అది విండోస్ లాంటిదే, లినక్స్ అనే ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్ అన్నాడు. నా ఫోన్‌లో కూడా పెడతాడట, కాకపోతే రూట్ చేయాలట. అమ్మ జీడిపప్పు ఫ్యాక్టరీలో పనికి వెళ్తుంది. తన కూలి డబ్బులు వచ్చేదీ, సరుకులకు కట్టేదీ ఈ ఫోన్ నుంచే. పాడైతే ఎలా అని భయంగా ఉంది. చేయించుకోనా, ఏడాది ఆగి ల్యాప్‌టాప్ కొనుక్కోనా? ఫోన్‌ను మా టీవీకి కలిపితే పెద్ద తెర మీద వస్తుందా?

చెల్లీ,

రూట్ చేయించకు. మిగతా ఉత్తరం తీరిగ్గా చదువుకోవచ్చు గానీ ఈ మాట ముందే చెప్పేస్తున్నాను. మీ సీనియర్ ఈ ఆదివారమే వచ్చి ఫోన్ అందుకుంటాడేమోనని నా కంగారు. రూట్ చేయడమంటే మామూలుగా మనకు ఇవ్వని పూర్తి అధికారం ఫోన్ మీద తీసుకోవడం. అలా చేయాలంటే ముందు ఫోన్ బూట్‌లోడర్ (ఫోన్ వెలిగించగానే ఆండ్రాయిడ్‌ను మొదలుపెట్టే ప్రోగ్రాం) తాళం తీయాలి. ఆ తాళం తీయగానే ఫోన్‌లోని ఫొటోలు, మెసేజీలు, యాప్‌లు అన్నీ చెరిగిపోతాయి. దొంగ చేతికి చిక్కినా మన వివరాలు వాడికి దొరక్కూడదని ఆండ్రాయిడ్ కావాలనే పెట్టిన కాపలా అది. ఇక రూట్ అయ్యాక, బ్యాంకు యాప్‌లు, డబ్బు చెల్లించే యాప్‌లు చాలావరకు ఆ ఫోన్‌ను నమ్మవు, తెరుచుకోవు. మీ అమ్మ కూలి డబ్బులు అందులోకే వస్తాయన్నావు. ఇక ఆలోచించాల్సిందేమీ లేదు.

మీ సీనియర్ అబద్ధం చెప్పాడని అనడం లేదు. రూట్ ఉంటే లినక్స్‌ను సీహెచ్‌రూట్ అనే పద్ధతిలో నడపొచ్చు, వేగం ఎక్కువ. అతని దగ్గర ఇంకో ఫోన్ ఉండి ఉంటుంది. నీకు ఆ వేగం అక్కర్లేదు. రూట్ లేకుండా, ఆండ్రాయిడ్‌ను ఎక్కడా కదపకుండా, మామూలు యాప్ ఎక్కించుకున్నట్టే లినక్స్‌లో డెబియన్ అనే రకాన్ని ఎక్కించుకోవచ్చు. వద్దనుకున్న రోజు ఆ యాప్ తీసేస్తే చాలు, ఫోన్ ఎప్పటిలా ఉంటుంది.

అదెలా సాధ్యమో కొంచెం వివరంగా చెప్తాను. నువ్వు చదువుతున్నది ఈ విషయమే కాబట్టి నీకు పరీక్షలోనూ పనికొస్తుంది.

నీ ఫోన్‌లో లినక్స్ ఇప్పటికే ఉంది. ఆండ్రాయిడ్ అడుగున ఉన్నది లినక్స్ కెర్నెలే. ర్యామ్ పంచడం, ఫైళ్ళు రాయడం, ఏ ప్రోగ్రాం ఎంతసేపు ప్రాసెసర్ మీద ఉండాలో చూడడం అంతా దాని పనే. అంటే పునాది అదే, పైన కట్టిన ఇల్లు వేరు. డెబియన్‌లో, ఉబుంటు అనే ఇంకో రకం లినక్స్‌లో ప్రోగ్రాంలన్నీ గ్లిబ్‌సీ అనే లైబ్రరీని (అన్ని ప్రోగ్రాంలూ వాడుకునే సిద్ధమైన కోడ్) నమ్ముకుని ఉంటాయి. గూగుల్ వాళ్ళు ఆండ్రాయిడ్ కోసం దాని బదులు బయోనిక్ అనే తేలికైన లైబ్రరీ రాసుకున్నారు. ఫోల్డర్ల అమరిక వేరు, తెర మీద బొమ్మ గీసే ఏర్పాటు వేరు. అందుకే డెబియన్ ప్రోగ్రాం ఒకటి తెచ్చి ఆండ్రాయిడ్‌లో నేరుగా నడపబోతే, తనకు కావలసినవేవీ ఉండాల్సిన చోట కనపడక అక్కడే ఆగిపోతుంది.

ఈ చిక్కు విప్పేది ప్రూట్ అనే చిన్న ప్రోగ్రాం. ప్రోగ్రాం ఏదైనా కెర్నెల్‌ను ఒక పని అడిగితే దాన్ని సిస్టమ్ కాల్ అంటారు కదా, ఆపరేటింగ్ సిస్టమ్స్ పేపర్‌లో వచ్చే ఉంటుంది. తప్పులు వెతికే డీబగ్గర్లు వాడుకోవడానికి లినక్స్‌లో పీట్రేస్ అనే సదుపాయం ఉంది. ప్రూట్ దాన్నే పట్టుకుని, ప్రోగ్రాంకూ కెర్నెల్‌కూ మధ్యలో నిలబడుతుంది. డెబియన్ ప్రోగ్రాం ‘ఈటీసీ ఫోల్డర్‌లో ఫలానా ఫైలు తెరువు’ అంటే, ప్రూట్ ఆ దారి మళ్ళించి, యాప్ లోపల మనం దించుకున్న డెబియన్ తాలూకు ఈటీసీ ఫోల్డర్‌కు పంపుతుంది. ప్రోగ్రాంకు ఆ సంగతే తెలియదు. తాను నిజమైన డెబియన్ మెషీన్‌లో ఉన్నాననుకుని పని చేసుకుపోతుంది.

మధ్యలో మనిషి నిలబడితే ఆలస్యం తప్పదు. కాకపోతే ఆ ఆలస్యం అన్ని పనుల్లోనూ ఒకలా ఉండదు. చిన్న చిన్న ఫైళ్ళు వేల కొద్దీ తెరిచి మూసే పనులు బాగా నెమ్మదిస్తాయి. ప్యాకేజీలు ఎక్కించేటప్పుడు ఇది తెలుస్తుంది, ఓపిక పట్టాలి. కానీ నువ్వు రాసిన సీ ప్రోగ్రాం ప్రధాన సంఖ్యలు వెతుకుతూ లూపులో తిరుగుతోందనుకో, అది కెర్నెల్‌ను అడిగేది పెద్దగా ఏమీ ఉండదు గనుక దాదాపు ఫోన్ అసలు వేగంతోనే నడుస్తుంది. ‘ఫోన్‌లో లినక్స్ నెమ్మది’ అని కొట్టిపారేసేవాళ్ళు ఈ తేడా చూడరు. డిగ్రీ రెండో ఏడు ప్రోగ్రాంలకు నీ ఫోన్ ప్రాసెసర్ బాగా సరిపోతుంది.

ఇంకో సంగతి. ప్రూట్ లోపల నువ్వు రూట్ యూజర్‌గా కనిపిస్తావు, కానీ అది వేషమే. కెర్నెల్ దృష్టిలో నువ్వు ఇంకా మామూలు యాప్‌వే. అందుకే 1024 కంటే తక్కువ నంబరు పోర్టు మీద వెబ్ సర్వర్ తెరుచుకోదు, 8080 అని పెట్టుకోవాలి. ప్రోగ్రాంలను విడివిడి పెట్టెల్లో నడిపే డాకర్ నడవదు. వెనక నడిచే సర్వీసులను మొదలుపెట్టి చూసుకునే సిస్టమ్‌డీ ఉండదు కాబట్టి పాఠాల్లో ‘సర్వీసు స్టార్ట్ చేయండి’ అని ఉన్నచోటల్లా ఆ ప్రోగ్రాంను నేరుగా నువ్వే నడపాలి. ఇవి ముందే తెలియక చాలామంది పిల్లలు తప్పు తమదేననుకుని రాత్రంతా కూర్చుంటారు. తప్పు నీది కాదు, ఆ ఏర్పాటు అంతే.

ఇప్పుడు అసలు మాటకొస్తాను. మీ సీనియర్ నీకు చూపించింది డెస్క్‌టాప్. వాల్‌పేపరు, కింద పట్టీ, మౌస్ బాణం, చూడ్డానికి కంప్యూటరే. నీ మనసు దాని మీదే పడింది, అది సహజం. కానీ చెల్లీ, నీకు ముందు కావలసింది ఆ బొమ్మ కాదు, దాని అడుగున నల్లటి తెర మీద తెల్లటి అక్షరాలతో నడిచే టెర్మినల్. ఆరంగుళాల తెర మీద డెస్క్‌టాప్ తెరిస్తే మెనూలు చీమల్లా కనిపిస్తాయి, వేలు ఒకచోట పెడితే ఇంకోచోట నొక్కుకుంటుంది. మొదటి రోజు మురిపెంగా ఉంటుంది, నాలుగో రోజు ఎవరూ తెరవరు. టెర్మినల్ అలా కాదు. అక్షరాలు ఎంత పెద్దవి కావాలంటే అంత పెద్దవి చేసుకోవచ్చు, చిన్న తెరకు అది బాగా ఇముడుతుంది. రేపు ఉద్యోగంలో ఎక్కడో ఉన్న సర్వర్‌లోకి వెళ్ళి పని చేయాల్సి వచ్చినా అక్కడుండేది ఆ నల్లటి తెరే. డెస్క్‌టాప్ తర్వాత పెట్టుకుందువు గాని, కీబోర్డు వచ్చాక.

మొదలుపెట్టే తీరు చెప్తాను. కావలసిన యాప్ పేరు టెర్మక్స్, ఆండ్రాయిడ్‌లో ఆ టెర్మినల్ తెరిచేది ఇదే. దీన్ని ప్లే స్టోర్ నుంచి కాకుండా ఎఫ్-డ్రాయిడ్ నుంచి దించుకో. ఎఫ్-డ్రాయిడ్ అనేది సోర్సు కోడ్ బహిరంగంగా ఉన్న యాప్‌లు మాత్రమే ఉండే చోటు. కారణం ఏమిటంటే, యాప్ తాను కొత్తగా దించుకుని తన ఫోల్డర్‌లో రాసుకున్న ఫైలును ప్రోగ్రాంగా నడపకూడదని ఆండ్రాయిడ్ 10 నుంచి ఒక నియమం వచ్చింది. ప్రోగ్రాంలు దించి నడపడమే టెర్మక్స్ పని. ఆ నియమం వల్ల ప్లే స్టోర్‌లో ఉన్న టెర్మక్స్‌కు 2020లో అప్‌డేట్లు ఆగిపోయాయి, అసలు పని ఎఫ్-డ్రాయిడ్ మీద, సోర్సు కోడ్ పెట్టుకునే గిట్‌హబ్ అనే వెబ్‌సైటు మీద సాగింది. టెర్మక్స్‌కు తోడుగా వచ్చే అనుబంధ యాప్‌లు కూడా అదే చోటు నుంచి తీసుకో. ఒక్కో చోట ఒక్కో సంతకంతో వస్తాయి, సంతకాలు కలవకపోతే ఒకదానితో ఒకటి మాట్లాడుకోవు.

యూట్యూబ్ వీడియో కింద ఇచ్చిన లింకు నుంచి మాత్రం ఏదీ దించకు. ‘ఈ ఒక్క లైను పేస్ట్ చేయండి, అంతా అదే అయిపోతుంది’ అనే స్క్రిప్టులు కూడా వద్దు. అందులో ఏముందో చదివి అర్థం చేసుకునే రోజు నీకు వస్తుంది, అంతవరకూ ఒక్కో ఆదేశం నీ చేత్తో కొట్టు. డబ్బులున్న ఫోన్ అది.

ఆదేశాలు ఇంగ్లీషు అక్షరాల్లోనే కొట్టాలి, ఇక్కడ పలికే తీరు రాస్తున్నాను. టెర్మక్స్ తెరవగానే ‘పీకేజీ అప్‌గ్రేడ్’ అని కొట్టి ఉన్నవన్నీ తాజా చేసుకో. తర్వాత ‘పీకేజీ ఇన్‌స్టాల్’ అని, దాని పక్కన పైథాన్, క్లాంగ్, గిట్, నానో అని ఖాళీలతో రాస్తే నాలుగూ వచ్చేస్తాయి. క్లాంగ్ సీ కంపైలర్, నానో రాసుకోవడానికి, గిట్ నీ పని భద్రం చేసుకోవడానికి. జావా, నోడ్, మరియాడీబీ కూడా టెర్మక్స్‌లోనే ఉన్నాయి. నీ సిలబస్‌లో చాలా భాగానికి డెబియన్ కూడా అక్కర్లేదు, ఇవే చాలు. కంట్రోల్ మీట లేదే అని వెతుక్కోకు, వాల్యూమ్ తగ్గించే బటన్ నొక్కిపట్టి అక్షరం కొడితే అదే కంట్రోల్.

సీ గురించి ఒక హెచ్చరిక. మన దగ్గర ఇంకా చాలా ల్యాబుల్లో టర్బో సీ వాడుతున్నారు. అక్కడ అలవాటైన కోనియో హెడర్, క్లియర్ స్క్రీన్, చివర్లో గెట్‌సీహెచ్, ఇవేవీ క్లాంగ్‌లో నడవవు. అవి డాస్ కాలం నాటి ప్రత్యేకాలు, సీ భాషలో భాగం కావు. క్లాంగ్ తప్పు చూపిస్తే భయపడకు. ‘వాయిడ్ మెయిన్’ బదులు ‘ఇంట్ మెయిన్’ రాయి, ఆ మూడూ తీసేయి, ప్రోగ్రాం నడుస్తుంది. ల్యాబ్ పరీక్షకు వాళ్ళ పద్ధతిలో రాసుకో. ఇంట్లో మాత్రం ప్రపంచమంతా రాసే సీ నేర్చుకో.

ఒక నెల ఇలా గడిచాక డెబియన్ తెచ్చుకో. ‘పీకేజీ ఇన్‌స్టాల్ ప్రూట్-డిస్ట్రో’, ఆ తర్వాత ‘ప్రూట్-డిస్ట్రో ఇన్‌స్టాల్ డెబియన్’, ఆ తర్వాత ‘ప్రూట్-డిస్ట్రో లాగిన్ డెబియన్’. ఈ మూడే. ఉబుంటు పేరు ఎక్కువ విని ఉంటావు, అదీ అక్కడ దొరుకుతుంది, కానీ నేను డెబియనే చెప్తాను. ఉబుంటు వాళ్ళు ఫైర్‌ఫాక్స్ లాంటి వాటిని స్నాప్ అనే పద్ధతిలో ఇస్తున్నారు, స్నాప్‌కు సిస్టమ్‌డీ కావాలి, ప్రూట్‌లో అది లేదు. అంతా ఎక్కించాక బ్రౌజరే తెరుచుకోకపోతే ప్రాణం ఉసూరుమంటుంది.

ఫోన్‌లో పది జీబీ ఖాళీ ఉంచుకుని దిగు. రోజుకు రెండు జీబీ ప్యాకేజీ మీద ఉన్నావనుకుంటాను. ఒక్కరోజులో అంతా దించాలని చూడకు, మధ్యలో డేటా అయిపోతుంది. అయిపోయినా నష్టం లేదు, డెబియన్ అప్పటిదాకా దించినవి దాచుకుంటుంది. మర్నాడు అదే ఆదేశం మళ్ళీ కొడితే మిగిలిన దగ్గర్నుంచి అందుకుంటుంది.

ఇక డెస్క్‌టాప్. ఇక్కడ చాలామంది డెబియన్ లోపలే డెస్క్‌టాప్ అంతా ఎక్కిస్తారు. నా సలహా వేరు. టెర్మక్స్‌కే ఎక్స్11 రిపో అని అదనపు ప్యాకేజీల కొట్టు ఉంది. అందులోంచి ఎక్స్‌ఎఫ్‌సీఈ డెస్క్‌టాప్, ఫైర్‌ఫాక్స్ నేరుగా టెర్మక్స్‌లోకి ఎక్కించు. మధ్యలో ప్రూట్ ఉండదు కాబట్టి చురుగ్గా ఉంటాయి. తెర చూపించడానికి టెర్మక్స్-ఎక్స్11 అనే యాప్ ఆ ప్రాజెక్టు గిట్‌హబ్ పేజీలో దొరుకుతుంది, ఇదొక్కటి మాత్రం అక్కడి నుంచి తీసుకున్నా ఫర్వాలేదు. పాత పాఠాల్లో వీఎన్‌సీ అని ఉంటుంది, అదీ పనిచేస్తుంది గానీ దీని ముందు మందకొడి. లిబ్రేఆఫీస్ లాంటి పెద్దవి మాత్రం డెబియన్‌లోంచి తెరువు. లాగిన్ అయ్యేటప్పుడు ‘షేర్డ్-టీఎంపీ’ అనే మాట చేర్చి, లోపల డిస్‌ప్లే నంబరు బయట ఉన్నదే పెడితే రెండూ ఒకే తెర మీద కనిపిస్తాయి. గ్నోమ్, కేడీఈ డెస్క్‌టాప్‌లు అందంగా ఉంటాయి, 6 జీబీ ర్యామ్‌లో సగం దాకా ఆండ్రాయిడే తినేశాక వాటికి చోటు చాలదు. ఎక్స్‌ఎఫ్‌సీఈ దగ్గరే ఆగు. కోడ్ రాయడానికి జియానీ తీసుకో, తేలిక, వెంటనే తెరుచుకుంటుంది.

బాగా నడుస్తున్న డెస్క్‌టాప్ ఉన్నట్టుండి మాయమైపోయి, టెర్మక్స్‌లో ‘సిగ్నల్ 9’ అని కనిపించే రోజు ఒకటి వస్తుంది. చేతులు చల్లబడతాయి, ఏదో పాడుచేశాననిపిస్తుంది. ఏమీ కాలేదు. ఆండ్రాయిడ్ 12 నుంచి ఒక కొత్త నియమం ఉంది. యాప్‌లు తమ కింద పుట్టించుకున్న ప్రాసెస్‌లు అన్నీ కలిపి 32 దాటితే, ఆండ్రాయిడ్ కొన్నిటిని చంపేస్తుంది. బ్యాటరీ కాపాడటానికి పెట్టింది అది. డెస్క్‌టాప్ అన్నాక ఆ 32 తేలిగ్గా దాటిపోతాయి. నీది ఆండ్రాయిడ్ 14 లేదా ఆపైది అయితే, సెట్టింగ్స్‌లో అబౌట్ ఫోన్‌కి వెళ్ళి బిల్డ్ నంబరు మీద ఏడుసార్లు తట్టు, డెవలపర్ ఆప్షన్స్ తెరుచుకుంటాయి. అక్కడ చైల్డ్ ప్రాసెస్ పరిమితులు ఆపేసే మీట ఉంటుంది, దాన్ని వేయి. 12, 13 వాళ్ళకు ఆ మీట లేదు, ఏడీబీ (బయటి నుంచి ఫోన్‌కు ఆదేశాలిచ్చే పనిముట్టు) ద్వారా ఆదేశం ఇవ్వాలి. దానికి కంప్యూటర్ అక్కర్లేదు, వైర్‌లెస్ డీబగ్గింగ్ పెట్టుకుని టెర్మక్స్ నుంచే ఇవ్వొచ్చు. పని అయ్యాక వైర్‌లెస్ డీబగ్గింగ్ ఆపేయడం మర్చిపోకు. దీంతోపాటు టెర్మక్స్‌కు బ్యాటరీ ఆంక్షలు తీసేయి. కొన్ని ఫోన్లు తెర ఆరగానే వెనక నడిచే యాప్‌లను ఆపేస్తుంటాయి.

డెస్క్‌టాప్ నడిచేటప్పుడు ఫోన్ వేడెక్కుతుంది. వెనక కవరు తీసి పెట్టుకో, ఛార్జింగ్ పెట్టి వాడకు. వేడి, నిండు ఛార్జి రెండూ కలిస్తే బ్యాటరీ త్వరగా ముసలిదవుతుంది. ఏప్రిల్, మే నెలల్లో మధ్యాహ్నం పూట టెర్మినల్‌తోనే సరిపెట్టుకో.

టీవీ సంగతి అడిగావు. ఇక్కడ డబ్బులు వృథా అయ్యే ప్రమాదం ఉంది, జాగ్రత్తగా విను. టైప్-సీ నుంచి హెచ్‌డీఎంఐ వైరు అని బజారులో అమ్ముతారు. ఆ వైరు అన్ని ఫోన్లకూ పనిచేయదు. ఫోన్‌లోని యూఎస్‌బీ రంధ్రం బొమ్మను కూడా బయటికి పంపగలిగేది అయి ఉండాలి, దాన్ని డిస్‌ప్లేపోర్ట్ ఆల్ట్ మోడ్ అంటారు. ఖరీదైన ఫోన్లలోనే ఎక్కువగా ఉంటుంది. తక్కువ ధర ఫోన్లలో రంధ్రం ఆకారం టైప్-సీయే అయినా లోపలున్నది యూఎస్‌బీ 2.0, అది బొమ్మ పంపదు. ఫోన్ వివరాల పట్టికలో డిస్‌ప్లేపోర్ట్ అన్న మాట కనిపించకపోతే ఆ వైరు కొనకు, షాపులో ఎంత గట్టిగా చెప్పినా సరే. మీ టీవీ స్మార్ట్ టీవీ అయితే స్క్రీన్ కాస్ట్ చేయొచ్చు, కాకపోతే నువ్వు అక్షరం కొట్టిన కాసేపటికి తెర మీద పడుతుంది. చదవడానికి ఫర్వాలేదు, రాయడానికి చిరాకు.

కీబోర్డు మాత్రం కొను. వైరున్న మామూలు యూఎస్‌బీ కీబోర్డు అయిదారు వందల్లో వస్తుంది, ఓటీజీ ముక్క ఇంకో వంద. దాదాపు ఏ ఆండ్రాయిడ్ ఫోన్‌కైనా తగిలించగానే పనిచేస్తుంది. అద్దం మీద బొటనవేళ్ళతో కోడ్ రాసేదానికీ, పది వేళ్ళతో రాసేదానికీ ఎంత తేడా ఉంటుందో ఒక్క సాయంత్రంలో తెలిసిపోతుంది. ఫోన్‌లో లినక్స్ కోసం నువ్వు పెట్టాల్సిన ఖర్చంటూ ఉంటే అదొక్కటే.

తెలుగు గురించి నువ్వు అడగలేదు గానీ చెప్పకుండా ఉండలేను. డెబియన్‌లో మొదటిసారి తెలుగు పేజీ తెరిస్తే అక్షరాల చోట డబ్బాలు కనిపిస్తాయి. తెలుగు రాదని కాదు, ఫాంటు లేదు, అంతే. నోటో కోర్ అనే ఫాంట్ల ప్యాకేజీ గానీ, లోహిత్ తెలుగు గానీ ఎక్కించు, ఒత్తులూ గుణింతాలూ శుభ్రంగా వస్తాయి. టైపు చేయడానికి ఐబస్, దానికి తోడు ఎం17ఎన్ అనే ప్యాకేజీ ఉన్నాయి. ఇన్‌స్క్రిప్ట్ పద్ధతిలోనూ రాయొచ్చు, ఇంగ్లీషు అక్షరాల్లో కొడితే తెలుగు వచ్చే ఆర్‌టీఎస్ పద్ధతిలోనూ రాయొచ్చు. అయితే టెర్మినల్ తెర మీద తెలుగు చూసి బెంగపడకు. టెర్మినల్ ఒక్కో అక్షరానికి ఒక్కో గడి లెక్కన కొలుస్తుంది, మన సంయుక్తాక్షరాలు ఆ గడుల్లో ఇమడవు, చెదిరిపోతాయి. ఫైలులో అక్షరాలు భద్రంగానే ఉంటాయి, అదే ఫైలు లిబ్రేఆఫీస్‌లో తెరిచి చూడు. పైథాన్‌తో తెలుగు పదాలు లెక్కపెట్టే చిన్న ప్రోగ్రాం రాసి చూడు. ‘క్ష్మి’ని అది ఎన్ని అక్షరాలుగా లెక్కిస్తుందో చూశాక యూనికోడ్ అంటే ఏమిటో నీకు ఎవరూ పాఠం చెప్పక్కర్లేదు.

ఇప్పుడు అన్నిటికంటే ముఖ్యమైన జాగ్రత్త. టెర్మక్స్‌లో, డెబియన్‌లో నువ్వు రాసిందంతా ఆ యాప్ సొంత గదిలో ఉంటుంది. యాప్ తీసేస్తే గది మొత్తం పోతుంది, రీసైకిల్ బిన్ లాంటిదేమీ ఉండదు. నేనొకసారి ఒక చోట నుంచి దించుకున్న టెర్మక్స్ తీసేసి ఇంకో చోట నుంచి మళ్ళీ ఎక్కించాను. లోపల మూడు వారాలుగా రాసుకుంటున్న తెలుగు నిఘంటువు ప్రోగ్రాం ఉంది. బటన్ నొక్కాక గుర్తొచ్చింది. ఆ కోడ్ మళ్ళీ రాశాను గానీ, మొదటిసారి రాసినప్పుడు తట్టిన కొన్ని ఉపాయాలు ఎంత తల పట్టుకున్నా తిరిగి రాలేదు. అందుకే గిట్‌ను మొదటి రోజే ఎక్కించమన్నాను. రోజూ పడుకునే ముందు నీ పనిని ఆన్‌లైన్ ఖాతాలోకి పంపేయి. వారానికోసారి ప్రూట్-డిస్ట్రో బ్యాకప్ ఆదేశంతో డెబియన్ మొత్తాన్ని ఒక ఫైలుగా చేసి ఫోన్ మెమరీలో పెట్టుకో. దానికి టెర్మక్స్‌కు స్టోరేజి అనుమతి ఇవ్వాలి. ఆ అనుమతి ఇచ్చాక టెర్మక్స్‌లో నడిచే ఏ స్క్రిప్టుకైనా మీ ఫొటోలు, డౌన్‌లోడ్లు కనిపిస్తాయి. ముక్కూమొహం తెలియని స్క్రిప్టులు వద్దని ఇందాక అందుకే అన్నాను.

జేబులో పట్టే యంత్రంలో పూర్తి లినక్స్ అన్నది కొత్త కోరికేం కాదు. 2009లో వచ్చిన నోకియా ఎన్900లో 256 ఎంబీ ర్యామే ఉండేది. ఆ మూడున్నర అంగుళాల తెర మీద కూడా ఈజీ డెబియన్ అని పెట్టుకుని ఓపెన్ఆఫీస్ తెరిచేవాళ్ళు. 2012లో ఉబుంటు కంపెనీ కెనానికల్, ఫోన్‌ను మానిటర్‌కు తగిలిస్తే ఉబుంటు డెస్క్‌టాప్ వచ్చే ఏర్పాటు చూపించింది, అది జనం చేతికి రాలేదు. మరుసటి ఏడాది ఉబుంటు ఎడ్జ్ అనే ఫోన్ కోసం 3 కోట్ల 20 లక్షల డాలర్లు విరాళాలుగా అడిగితే, కోటీ 28 లక్షల దాకా హామీలు వచ్చి ఆగిపోయాయి, ఫోన్ తయారు కాలేదు. శాంసంగ్ 2018లో లినక్స్ ఆన్ డెక్స్ అని ప్రయోగంగా ఇచ్చి 2019లో ఆండ్రాయిడ్ 10 రాగానే ఎత్తేసింది. పెద్ద కంపెనీలు ఇలా ఇస్తూ తీస్తూ ఉన్న ఏళ్ళలోనే, 2015లో మొదలైన టెర్మక్స్‌ను మాత్రం కొందరు స్వచ్ఛందంగా పట్టుకుని నడిపిస్తూ వచ్చారు. నాకు వాళ్ళ మీద గౌరవం ఉంది. నీ చదువుకు కావలసిన పనిముట్లు పైసా అడగకుండా నీ చేతిలో పెడుతున్నది వాళ్ళే.

2025 మార్చి నుంచి గూగుల్ కూడా పిక్సెల్ ఫోన్లలో టెర్మినల్ అనే యాప్ ఇస్తోంది. అది ప్రూట్ లాంటి మళ్ళింపు కాదు, ఫోన్‌లో ఒక వర్చువల్ మెషీన్ పెట్టి అందులో డెబియన్‌ను దాని సొంత కెర్నెల్‌తో నడుపుతుంది. ఇందాక చెప్పిన సిస్టమ్‌డీ ఇబ్బంది దానికి లేదు. ఫోన్ చిప్పులో ఆ సదుపాయం ఉండాలి, తయారుచేసినవాళ్ళు తెరిచిపెట్టాలి. డెవలపర్ ఆప్షన్స్‌లో ‘లినక్స్ డెవలప్‌మెంట్ ఎన్విరాన్‌మెంట్’ అని కనిపిస్తుందేమో చూడు. కనిపిస్తే నీ అదృష్టం, ముందు అదే వాడు. లేకపోతే చింతించకు.

ఆండ్రాయిడ్‌ను పూర్తిగా తుడిచేసి పోస్ట్‌మార్కెట్‌ఓఎస్, ఉబుంటు టచ్ లాంటివి ఎక్కించమని ఎవరైనా చెప్తే, పక్కన పడేసిన పాత ఫోన్ దొరికిన రోజు చూద్దాం. ఇంటి ఫోన్ మీద ఆ ప్రయోగం వద్దు.

ఇక ల్యాప్‌టాప్. ఏడాది ఆగి కొననా అన్నావు. కొను, కానీ ఆ ఏడాది ఖాళీగా ఉండకు. అప్పు చేసి, వాయిదాల మీద ఇప్పుడే కొనమని నేను చెప్పను. ఫోన్‌తో జరగని పనులు కొన్ని ఉన్నాయి. నీ ఫోన్‌లోది ఆర్మ్ ప్రాసెసర్, విండోస్ ప్రోగ్రాంలు చాలావరకు ఇంటెల్ రకానికి తయారైనవి. మధ్యలో అనువాదం చేసి నడిపే బాక్స్64 లాంటివి ఉన్నా నెమ్మది, అన్నీ నడవవు. ట్యాలీ గానీ, ఆండ్రాయిడ్ స్టూడియో గానీ ఇందులో నేర్చుకుందామనుకోకు. మూడో ఏడు ప్రాజెక్టు మొదలయ్యేనాటికి, 8 జీబీ ర్యామ్, ఎస్‌ఎస్‌డీ ఉన్న వాడిన ల్యాప్‌టాప్ ఒకటి చూసుకోవచ్చు. కొన్నాక అందులో కూడా డెబియనే వేసుకుంటే, ఫోన్‌లో తీసిన బ్యాకప్ లోని కోడ్ అంతా అక్కడ పనికొస్తుంది, ఆదేశాలూ అవే. ఈ ఏడాదిలో నేర్చుకున్నది ఒక్కటీ పారేయాల్సిన పని ఉండదు.

అమ్మకు కూడా చెప్పి మొదలుపెట్టు. ఫోన్ తనదీ కదా. సాయంత్రం తాను పని నుంచి వచ్చాక ఫోన్ తన చేతికి వెళ్ళాలి, కాబట్టి నీ టైము ఏదో ఇద్దరూ కూర్చుని అనుకోండి. పొద్దున్న ఒక గంట దొరికినా చాలు.

ఈలోగా ఒక పని చెయ్యి. సెట్టింగ్స్‌లో అబౌట్ ఫోన్ తెరిచి, మోడల్ నంబరు, ఆండ్రాయిడ్ ఎన్నోదో రాసి పంపు. టీవీ వెనక హెచ్‌డీఎంఐ రంధ్రం ఉందో లేదో కూడా చూడు. వైరు కొనొచ్చో లేదో నీ ఫోన్ వివరాలు చూసి చెప్తాను. అప్పటిదాకా ఆ డబ్బు కీబోర్డుకు దాచు.